జీన్ ఎడిటింగ్, ఆర్‌ఎన్‌ఏ: జనం అనుకునేది, ల్యాబ్‌లో జరిగేది

పీహెచ్‌డీలో చేరిన రోజు నుంచి ఇప్పటిదాకా నా పని క్రిస్పర్ (డీఎన్‌ఏని కోసి జీన్లు మార్చే పద్ధతి), ఆర్‌ఎన్‌ఏ (డీఎన్‌ఏకి దగ్గరి చుట్టం లాంటి అణువు) చుట్టూనే తిరిగింది. ఏం చేస్తావు అని అడిగినవాళ్ళు నేను నోరు తెరిచేలోపే "ఆ తెలుసు, డీఎన్‌ఏ కత్తెర" అనేస్తారు. ఆ కత్తెర అన్న మాట దగ్గరే సగం అపోహలు మొదలవుతాయని నాకనిపిస్తుంది.

అపోహ: క్రిస్పర్ ఉంటే డీఎన్‌ఏలో ఏది కావాలంటే అది కట్ చేసి పేస్ట్ చేసేయొచ్చు.

కోయడం వరకే మన చేతిలో ఉంది, అతికేది సెల్. మనం లోపలికి పంపేది రెండే, క్యాస్9 అనే ప్రొటీన్, దానికి దారి చూపించే గైడ్ ఆర్‌ఎన్‌ఏ. గైడ్‌లో చోటు గుర్తుపట్టే అక్షరాలు 20 ఉంటాయి, అవి 300 కోట్ల పైచిలుకు అక్షరాల (ఏ, టీ, జీ, సీ అనే బేస్‌లు) జీనోమ్‌లో, అంటే మనిషి మొత్తం డీఎన్‌ఏలో, తమకి జతపడే చోటు వెతుక్కోవాలి, పైగా మేం ఎక్కువగా వాడే క్యాస్9కి ఆ చోటు పక్కనే రెండు జీ అక్షరాలు కూడా ఉండాలి, లేకపోతే ముట్టుకోదు. దొరికితే రెండు పోగులూ కోస్తుంది, దాని పని అక్కడితో సరి. తెగిన డీఎన్‌ఏ సెల్‌కి ప్రాణం మీదకి తెస్తుంది కాబట్టి అది ఆదరాబాదరాగా కొసలు రెండూ కలిపేస్తుంది, ఆ కంగారులో కొన్ని అక్షరాలు ఊడిపోతాయి, కొన్ని కొత్తవి దూరతాయి, ఒక్కోసారి వేల అక్షరాల ముక్క కూడా ఎగిరిపోతుంది. జీన్‌ని పాడుచేయడానికి ఇది చాలు. ఒక తప్పు అక్షరం సరిచేయాలంటే మాత్రం మనమిచ్చిన నమూనా చూసి అతకాలి, అది డివైడ్ అవుతున్న సెల్స్‌లోనే బాగా నడుస్తుంది, మెదడులోని న్యూరాన్ల లాంటి వాటిలో చాలా కష్టం. ఈ చిక్కు తప్పించుకోవడానికే డేవిడ్ లియు ల్యాబ్ నుంచి 2016లో బేస్ ఎడిటింగ్, 2019లో ప్రైమ్ ఎడిటింగ్ వచ్చాయి, రెండు పోగులూ తెగ్గొట్టకుండానే అక్షరం మార్చే పద్ధతులవి.

నాకు జరిగిందొకటి చెప్తా. ఒక జీన్ నాకౌట్ చేశాను, అంటే పనిచేయకుండా పాడుచేశాను, సీక్వెన్సింగ్ (అక్షరాలు వరసగా చదవడం) చూస్తే ఫ్రేమ్‌షిఫ్ట్, అంటే సెల్ మూడేసి అక్షరాలుగా చదివే వరస జరిగిపోవడం, స్పష్టంగా ఉంది, ఇంక ఆ ప్రొటీన్ రాకూడదు. ప్రొటీన్ ఉందో లేదో చూపించే వెస్టర్న్ బ్లాట్‌లో బ్యాండ్ ఉంది, కొంచెం కిందకి జరిగి ఉంది అంతే. యాంటీబాడీ తప్పేమో, శాంపిల్స్ కలిసిపోయాయేమో అని నెలల తరబడి మళ్ళీ మళ్ళీ చేశాను, చివరికి ఆర్‌ఎన్‌ఏ తీసి చదివితే తెలిసింది, నేను కోసిన ఎక్సాన్‌ని (జీన్‌లో ప్రొటీన్ కోడ్ ఉన్న ముక్క) సెల్ మొత్తంగా వదిలేసి ముందుదాన్నీ వెనకదాన్నీ కలిపేసుకుంది, ఆ ఎక్సాన్ పొడవు మూడుతో సరిగ్గా భాగమవుతుంది కాబట్టి ఫ్రేమ్ చెడలేదు, పొట్టి ప్రొటీన్ హాయిగా తయారవుతోంది. ఆ రోజు నుంచి గైడ్ ఆర్డర్ పెట్టేముందు ఎక్సాన్ పొడవు చూడకుండా నేను ముందుకెళ్ళలేదు.

అపోహ: క్రిస్పర్ 2012లో ఒక్కసారిగా కనిపెట్టారు.

2012లో వచ్చింది క్యాస్9ని కోరుకున్న చోట కోయించొచ్చని చూపించిన షార్పెంటియే, డౌడ్నాల పేపర్, దానికే 2020లో కెమిస్ట్రీ నోబెల్. కానీ క్రిస్పర్ అన్న పేరుకి మూలమైన వింత రిపీట్లని (మళ్ళీ మళ్ళీ వచ్చే డీఎన్‌ఏ వరసలు) 1987లోనే జపాన్‌లోని ఒసాకాలో ఇషినో వాళ్ళు ఇ. కోలై అనే బ్యాక్టీరియాలో చూశారు, ఎందుకున్నాయో అప్పట్లో తెలియలేదు. స్పెయిన్‌లో మోహికా అనే సైంటిస్ట్ ఏళ్ళ తరబడి వాటి వెంటపడి, ఆ రిపీట్ల మధ్య ఉన్నవి వైరస్ ముక్కలనీ ఇది బ్యాక్టీరియాకి ఇమ్యూనిటీ అయ్యుండొచ్చనీ రాస్తే చాలా జర్నల్స్ తిప్పి పంపాయి, 2005లో గానీ అచ్చవలేదు. అది నిజమేనని 2007లో ప్రయోగం చేసి చూపించింది పెరుగు బ్యాక్టీరియా మీద పనిచేసే డానిస్కో కంపెనీ సైంటిస్టులు. 2011లో షార్పెంటియే ల్యాబ్ ట్రేసర్ ఆర్‌ఎన్‌ఏ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ పని బయటపెట్టింది, అది లేకపోతే ఈ క్యాస్9 కదలదు (ఇప్పుడు మేం పంపే గైడ్‌లో అది కలిసే ఉంటుంది). నా దృష్టిలో 2012కి తలుపు తీసింది ఆ ఆర్‌ఎన్‌ఏనే, కానీ దాని పేరు ఎవరూ చెప్పుకోరు.

అపోహ: ఆర్‌ఎన్‌ఏ అంటే డీఎన్‌ఏకి జెరాక్స్ కాపీ.

ఇది వింటే నాకు నిజంగా బాధేస్తుంది. అన్నీ డీఎన్‌ఏ చూసే తయారవుతాయి, కానీ ప్రొటీన్ తయారీకి సమాచారం మోసేది మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ (ఎంఆర్‌ఎన్‌ఏ) ఒక్కటే. మిగతావాటిలో జీన్ల నోరు నొక్కేవి ఉన్నాయి, ప్రొటీన్ కట్టే పని స్వయంగా చేసేవి ఉన్నాయి. 1993లో యాంబ్రోస్, రవ్‌కన్ ఒక చిన్న పురుగులో 22 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ ఇంకో జీన్‌ని అదుపు చేస్తోందని చూపిస్తే అది ఆ పురుగు గొడవే అని చాలామంది వదిలేశారు, 2000లో అలాంటిదే ఇంకోటి మనుషులతో సహా చాలా జంతువుల్లో దొరికాక కళ్ళు తెరిచారు, 2024లో నోబెల్ ఇచ్చారు.

చేత్తో పట్టుకుంటే గానీ ఆర్‌ఎన్‌ఏ స్వభావం అర్థం కాదు. డీఎన్‌ఏకి లేని ఒక ఆక్సిజన్ దీని చక్కెరలో ఉంటుంది, అదే దీన్ని సులువుగా తుంచేస్తుంది. దానికి తోడు మన చర్మం మీద, గాలిలో దుమ్ము మీద ఆర్‌ఎన్‌ఏని తినేసే ఎంజైమ్స్, వాటిలో కొన్ని మరిగించినా చావవు. గ్లవ్స్ మార్చుకుంటూ, ఐస్ మీద పెట్టుకుంటూ, పని కాగానే మైనస్ 80 ఫ్రీజర్‌లో దాచుకుంటూ ఉండాలి. కొత్తగా చేరినవాళ్ళు గ్లవ్స్‌తోనే ఫోన్ ముట్టుకుని అవే చేతులతో ట్యూబ్ తెరుస్తారు, ఆర్‌ఎన్‌ఏని సైజుని బట్టి వేరుచేసి చూసే జెల్‌లో రెండు బ్యాండ్లు రావాల్సిన చోట కింద మసక తప్ప ఏమీ ఉండదు.

అపోహ: ఎంఆర్‌ఎన్‌ఏ వ్యాక్సిన్ మన డీఎన్‌ఏని మార్చేస్తుంది.

మార్చదు. అది డీఎన్‌ఏ ఉండే న్యూక్లియస్ బయటే ఉంటుంది, ప్రొటీన్ కట్టే రైబోజోమ్ దాన్ని చదువుతుంది, కొద్ది రోజుల్లో ముక్కలైపోతుంది. పైన చెప్పాగా, నిలవడమే దాని సమస్య. కరికో, వైస్‌మన్ అనే సైంటిస్టులు 2005లో ఆర్‌ఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన యూరిడిన్‌ని మార్చి ఒంట్లో మంట రేగకుండా చేసిన పనే లేకపోతే అది మందుగా పనికొచ్చేదే కాదు.

అపోహ: జన్యు వ్యాధులన్నీ ఇక నయమైపోతాయి, కోరుకున్న పిల్లల్ని కనొచ్చు.

సికిల్ సెల్ అనే రక్త జబ్బుకి వచ్చిన క్యాస్‌జెవీ అనే క్రిస్పర్ చికిత్సని చూడండి, 2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో అమెరికా అనుమతిచ్చాయి. అది తప్పు అక్షరాన్ని సరిచేయదు! పసితనపు హీమోగ్లోబిన్‌ని ఆపేసే బీసీఎల్11ఏ అనే జీన్‌ని రక్తం తయారుచేసే సెల్స్‌లో నడిపించే స్విచ్‌ని పాడుచేస్తుంది, దాంతో పుట్టాక ఆగిపోయిన ఆ హీమోగ్లోబిన్ మళ్ళీ వస్తుంది. పాడుచేయడం తేలిక కాబట్టి ఆ దారి ఎంచుకున్నారు, ఎంత తెలివైన ఆలోచనో. కానీ రక్తం తయారుచేసే స్టెమ్ సెల్స్ బయటికి తీసి ఎడిట్ చేసి, గట్టి కీమో ఇచ్చి పాతవాటిని తుడిచేశాక మళ్ళీ ఎక్కించాలి, పేషెంట్‌కి అది చిన్న విషయం కాదు. 2025లో సీపీఎస్1 (ఒంట్లో అమ్మోనియాని వదిలించే ఎంజైమ్) లోపంతో పుట్టిన ఒక పసివాడికి ఫిలడెల్ఫియాలో వాడికోసమే తయారుచేసిన బేస్ ఎడిటర్ ఇచ్చారు, అది లివర్ జబ్బు, ఎడిటర్‌ని మోసుకెళ్ళే కొవ్వు బుడగలు ఎలాగూ లివర్‌కే చేరతాయి కాబట్టి కుదిరింది. మెదడుకో కండరాలకో చేర్చడం ఇప్పటికీ మా అందరికీ తలనొప్పే.

పిల్లల సంగతంటారా, ఎత్తు ఒక్కదాని వెనకే వేల చోట్ల తేడాలున్నాయి, ఏది కోస్తాం? 2018లో చైనా సైంటిస్ట్ హె జియాంక్వి పిండాల్లో సీసీఆర్5 (హెచ్‌ఐవీ సెల్‌లోకి దూరడానికి వాడుకునేది) జీన్ కోశాడు, మనుషుల్లో సహజంగా ఉన్న మార్పు రావాలనుకుంటే వేరేవి వచ్చాయి, సెల్ తనకి తోచినట్టు అతికేసుకుంది. మూడేళ్ళ జైలుశిక్ష పడింది. ఆ పిల్లలకి మాత్రం జీవితాంతం ఆ మార్పులే.

అపోహ: ఈ ఫీల్డ్‌లోకి రావాలంటే పిపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే పరికరం) పట్టడం వస్తే చాలు.

నా రోజులో సగం కంప్యూటర్ ముందే, సీక్వెన్సింగ్ డేటాలో ఎంత శాతం ఎడిట్ అయింది, ఎక్కడ తప్పు చోట కోసింది అని చూడ్డంలో పోతుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ కొంచెం, స్టాటిస్టిక్స్ గట్టిగా నేర్చుకుని రండి. వచ్చాక ముందు మీరు వాడే సెల్ లైన్‌లో (ల్యాబ్‌లో పెంచుకునే సెల్స్) మీరు కోయబోయే జీన్‌ని మీరే సీక్వెన్స్ చేసుకోండి, డేటాబేస్‌లో ఉన్న అక్షరం మీ సెల్స్‌లో లేకపోతే ఎంత మంచి గైడైనా సరిగ్గా అతుక్కోకపోవచ్చు.