చలికి మేత మానేసిన ఇగ్వానా

కోరాపుట్ పీఠభూమి మీద డిసెంబరు రాత్రి ఎలా ఉంటుందో సునాబెడ, సెమిలిగుడల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సముద్రమట్టానికి ఇంచుమించు 900 మీటర్ల ఎత్తు, పొద్దెక్కినా విడవని మంచు. అలాంటి చోట ఇగ్వానా అనే పెద్ద బల్లి పిల్లను పెంచేవాళ్ల నోట చలి మొదలవగానే వచ్చే మాట ఒకటే: "ఆకు ముట్టడం లేదండీ." వెంటనే ఆకు మారుస్తారు, పండు పెడతారు, చివరికి నోరు తెరిచి కుక్కుతారు. గిన్నె సంగతి తర్వాత. ముందు థర్మామీటర్ చూడాలి.

ఆకుపచ్చ ఇగ్వానా మధ్య, దక్షిణ అమెరికాల వేడి అడవుల జీవి. ఒంటి వేడిని తనంతట తాను పుట్టించుకోలేదు. ఎండ తగిలే కొమ్మ మీద పరుచుకుని, ఒళ్లు 35 నుంచి 37 డిగ్రీల దాకా కాగాకే దానికి తిండి ధ్యాస పుడుతుంది. పైగా పూర్తి శాకాహారి. ఆకులోని పీచును దాని సొంత జీర్ణరసాలు అరిగించలేవు, ఆ పని పెద్దపేగులోని సూక్ష్మజీవులది. అవి పీచును పులియబెట్టి తయారుచేసే కొవ్వు ఆమ్లాల నుంచే దానికి కావలసిన శక్తిలో సుమారు మూడో వంతు వస్తుంది. చలికాలం దోసెల పిండి తెల్లారినా పొంగదు కదా, చల్లబడ్డ ఇగ్వానా పేగులోనూ అదే తంతు. అరగదని తెలిసినట్టే అది మేత మానేస్తుంది. ఆ స్థితిలో బలవంతాన తినిపిస్తే మేత లోపల నిలిచి కుళ్లుతుంది, పొట్ట ఉబ్బుతుంది. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం సరేసరి.

ఈ సూక్ష్మజీవులు పుట్టుకతో రావు. గుడ్డు నుంచి బయటికొచ్చిన పిల్లలు పెద్ద ఇగ్వానాల దగ్గర చేరి వాటి పెంట తిని ఆ సంపదను సంపాదించుకుంటాయని పనామా అడవుల్లో జరిగిన పరిశీలనల్లో తేలింది. మనకు వెగటుగా అనిపించవచ్చు గానీ, పిల్లకు దక్కే మొదటి ఆస్తి అదే. పెద్దవాటిని ఎన్నడూ చూడకుండా పంజరంలోనే పెరిగిన పిల్లకు అది అంతగా దక్కదు. అందుకే ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ చుక్కలు పోసే సొంతవైద్యం, ఉన్న కాసిని సూక్ష్మజీవులనూ చంపి, దాని కడుపును ఇంకా పాడుచేస్తుంది.

ముందు వెచ్చదనం. పంజరంలో ఒక మూల, కొమ్మకు పైన, ఒంటికి తగలనంత దూరంలో బల్బు పెట్టి అక్కడ 35 డిగ్రీలకు పైన ఉండేలా చూడాలి. రెండో మూల 27 చుట్టూ చాలు. ఎటు కావాలంటే అటు ఇగ్వానాయే జరుగుతుంది. రాత్రి 24కు తగ్గకూడదు. వెలుతురు లేకుండా వేడినిచ్చే సిరామిక్ హీటర్ రాత్రికి మేలు, ఎందుకంటే ఇగ్వానాకు నడినెత్తిన మూడో కన్ను లాంటిది ఒకటుంది. దానికి బొమ్మ కనిపించదు, వెలుగు చీకట్లు తెలుస్తాయి. రాత్రంతా లైటు వేసి ఉంచితే నిద్ర చెడుతుంది. కరెంటు పోతే వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టొచ్చు. గదిలో బొగ్గుల కుంపటి మాత్రం వద్దు, ఆ పొగ దానికీ మనకీ చేటే.

ఇక ఎండ. కిటికీ అద్దం వెనక వెచ్చగా పడుకుంటుంది కదా అని మురిసిపోతాం. వేడి అయితే వస్తుంది గానీ, చర్మంలో విటమిన్ డి3 తయారుకావడానికి కావలసిన అతినీలలోహిత బి కిరణాలను మామూలు అద్దం ఆపేస్తుంది. డి3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. ఎముకలు, దవడ మెత్తబడతాయి, కాళ్లు వణుకుతాయి. దవడ మెత్తబడ్డ పిల్ల ఆకలున్నా నమలలేదు. అందుకని జాలీ పంజరంలో, సగం నీడ ఉండేలా, దగ్గరుండి నేరుగా ఎండలో పెట్టాలి. గాజు పెట్టెను ఎండలో పెడితే నిమిషాల్లో పొయ్యి మీద పెట్టినంత పని అవుతుంది.

ఒళ్లు కాగాక నీళ్లు. గోరువెచ్చని నీళ్లలో భుజాల కిందికి మునిగేలా పావుగంట ఉంచితే తాగుతుంది, సాధారణంగా విరేచనమూ అవుతుంది. ఆ తర్వాతే మేత. మునగాకు, అవిసాకు, మందార ఆకులు సన్నగా తరిగి, పైన ఎర్ర మందార పువ్వు రేకులు చల్లండి, ఆ రంగుకు చాలా పిల్లలు లొంగుతాయి. తురిమిన గుమ్మడి కలపొచ్చు. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టేస్తాయి. చోళ్లలో కాల్షియం ఎక్కువ కదా, అంబలి పోద్దామా అని మన పెద్దవాళ్లు అడుగుతారు. దానితోపాటు భాస్వరమూ ఎక్కువే, పైగా అంత పిండిపదార్థం ఈ కడుపుకు సరిపడదు. కాల్షియం భాస్వరానికి రెండింతలు ఉండటం మంచిది.

చుట్టుపక్కలవాళ్లు దీన్ని ఉడుము అనుకుని గుడ్డు, మాంసం పెట్టమంటారు. ఉడుము మాంసాహారి, దాన్ని ఇంట్లో ఉంచడమే నేరం. ఇగ్వానాకు మాంసం పెడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. వన్యజీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఇగ్వానా ఉంది కాబట్టి, వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, దాని ఒంటి మీద సాల్మొనెల్లా అనే రోగం తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు.

కొత్త ఇల్లు, ఎదురుగా కుక్క, కుబుసం విడిచే రోజులు, ఇవి కూడా ఆకలిని చంపుతాయి. కానీ వేడి, ఎండ, నీళ్లు సరిచేశాక కూడా రెండు మూడు రోజులు పిల్ల ఏమీ ముట్టకపోయినా, కళ్లు లోపలికి పోయినా, దవడ వాచినా ఆగొద్దు. వంటింటి తూకం మీద రోజూ బరువు చూసి రాసిపెట్టండి, తగ్గుతుంటే అదే గట్టి సాక్ష్యం. కోరాపుట్ నుంచి భువనేశ్వర్ కన్నా విజయనగరం జిల్లా గరివిడి పశువైద్య కళాశాల దగ్గర. సరీసృపాలు చూసే డాక్టరు ఉన్నారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఘాట్ దిగేటప్పుడు పెట్టెలో గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా ఉంచండి, తాజా విరేచనం చిన్న డబ్బాలో తీసుకెళ్లండి. పంజరం ఫోటో, బల్బు వివరాలు, రాసుకున్న బరువులు, ఉష్ణోగ్రతలు కూడా డాక్టరు అడుగుతారు.