బడిలో ఫోన్: ఇచ్చిందీ వద్దన్నదీ పెద్దవాళ్లే

క్లాసులో ఫోన్ ఉండాలా వద్దా అన్న గొడవ కొత్తదేం కాదు. బడుల్లో ఫోన్ల వాడకాన్ని కట్టడి చేయాలని సీబీఎస్‌ఈ 2009లోనే సర్క్యులర్ పంపింది. అప్పట్లో ఎక్కువమంది పిల్లల చేతుల్లో ఫోనే లేదు కాబట్టి అది పెద్ద చర్చ కాలేదు.

అసలు మలుపు 2020లో వచ్చింది. కరోనాతో బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ సర్కారు బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. హోంవర్కు మాత్రం వాట్సాప్‌లో వచ్చేది. చాలా ఇళ్లలో ఉన్నది ఒక్కటే ఫోను, అదీ పొద్దున్నే నాన్న వెంట పనికి పోయేది. ఆయన రాత్రి ఇంటికొచ్చాక అక్కాతమ్ముళ్లు వంతులేసుకుని నోట్సు రాసుకునేవాళ్లు. అప్పు చేసి రెండో ఫోన్ కొన్న ఇళ్లూ ఉన్నాయి. చదువు పేరుతో ఫోన్ చేతికిచ్చింది మనమే. ఆ సంగతి మర్చిపోయి ఇప్పుడు పిల్లల్నే తిట్టడం అన్యాయం.

ఆంధ్రప్రదేశ్‌లో వ్యవహారం ఇంకా చిక్కుపడింది. మరుగుదొడ్ల ఫొటోలు, మధ్యాహ్న భోజనం వివరాలు టీచర్లు యాప్‌లోకి ఎక్కిస్తుండగానే, 2022 ఆగస్టులో హాజరుకి ముఖం గుర్తుపట్టే యాప్ తెచ్చారు. సొంత ఫోన్లలోనే వేసుకోమన్నారు. పరికరాలు ప్రభుత్వమే ఇవ్వాలని టీచర్ల సంఘాలు పట్టుబట్టాయి. ఆ డిసెంబర్‌లోనే ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి ఆన్‌లైన్ చదువుల కంపెనీ బైజూస్ పాఠాలున్న ట్యాబ్‌లు 5 లక్షలకు పైగా పంచడం మొదలుపెట్టారు. ఏడాది తిరక్కుండా, 2023 ఆగస్టులో, పిల్లలు బడికి ఫోన్ తేకూడదని ఉత్తర్వు వచ్చింది. టీచర్లేమో క్లాసుకి వెళ్లే ముందు ఫోన్‌ని హెడ్‌మాస్టర్‌కి అప్పజెప్పాలన్నారు. చదువులో టెక్నాలజీ వాడకంపై అంతకు నెల ముందు వచ్చిన యునెస్కో నివేదికను ఇందుకు ఆధారంగా చూపించారు. ఆ నివేదిక టెక్నాలజీని పూర్తిగా పక్కన పెట్టమనలేదు, చదువుకి పనికొచ్చే చోటే వాడమంది.

ఫోన్‌తో పిల్లల చదువు చెడుతుందన్న భయం మాత్రం ఉత్తిది కాదు. పల్లె పిల్లల చదువుల మీద జరిగే అసర్ సర్వే 2024 లెక్కల ప్రకారం పల్లెల్లో 14–16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్లలో ఆ వారం చదువు కోసం వాడినవాళ్లు 57 శాతమైతే, సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం.

2025లో ఒక కేంద్రీయ విద్యాలయ విద్యార్థి కేసులో ఢిల్లీ హైకోర్టు, పూర్తి నిషేధం మంచిదీ కాదు, ఆచరణలో కుదిరేదీ కాదని చెప్పింది. క్లాసులో వాడనివ్వొద్దు, వీలైన చోట బడికి రాగానే ఫోన్ తీసుకుని ఇంటికెళ్లేటప్పుడు తిరిగివ్వండి అంది. నాకు ఇదే సబబుగా తోస్తోంది. కాకపోతే పుస్తకాల సంచులు పెట్టుకోవడానికే అరల్లేని సర్కారు బడులు మనకు బోలెడు. ఉత్తర్వులతో పాటు తాళం వేసే ఒక బీరువాకి కూడా డబ్బులివ్వాలి.