నెలలు నిండని బిడ్డ దక్కనప్పుడు: అపోహలు - వాస్తవాలు

నవజాత శిశువుల ఐసీయూలో పని చేస్తాను. బిడ్డ దక్కకపోతే ఆ తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడటం కూడా నా పనిలో భాగమే. 37 వారాలు నిండకుండా పుట్టడం అరుదేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో అలా పుట్టిన పిల్లలు 1.3 కోట్లకు పైనే. ఐదేళ్ళలోపు పిల్లల మరణాలకు మొదటి కారణం కూడా ఇదే. ఇంతమందికి జరుగుతున్నా, బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి వెళ్ళి ఏం మాట్లాడాలో చాలామందికి తోచదు. తోచక ఏదో అనేస్తారు. అలా నేను తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: "నాలుగు రోజులే కదా బతికింది, అంత బెంగ దేనికి?"

వాస్తవం: బతికిన రోజులు లెక్కపెట్టి దుఃఖాన్ని తూచలేం. ఆ తల్లికి బిడ్డతో పరిచయం స్కానింగ్‌లో గుండె కొట్టుకోవడం చూసిన రోజే మొదలైంది. పైగా ఐసీయూలో గడిచే నాలుగు రోజులు మామూలు రోజులు కావు. మానిటర్‌లో ఆక్సిజన్ అంకె జారిన ప్రతిసారీ వాళ్ళ ప్రాణాలు పైకే పోతాయి. గొట్టం ద్వారా పట్టిన ఒకటి రెండు మిల్లీలీటర్ల పాలు అరిగాయని నర్సు చెబితే ఆ పూటకు అదే పెద్ద సంతోషం. ఏ పక్కకు తిప్పితే బిడ్డ కుదురుగా పడుకుంటుందో కూడా వాళ్ళకు తెలిసిపోతుంది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. పెద్దవాళ్ళు పోతే వచ్చినవాళ్ళందరి దగ్గరా చెప్పుకోవడానికి ఏదో ఒక జ్ఞాపకం ఉంటుంది. ఈ బిడ్డను ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ చూడనే లేదు. ఆ తల్లిదండ్రులు ఒంటరైపోయేది అక్కడే. బిడ్డకు పేరు పెట్టుకుని ఉంటే ఆ పేరుతోనే మాట్లాడండి. పేరెత్తితే ఏడుస్తారేమో అని భయపడకండి. ఎవరూ ఎత్తకపోవడమే ఎక్కువ బాధపెట్టిందని నాతో చాలామంది చెప్పారు.

అపోహ: "తల్లి జాగ్రత్తగా ఉండి ఉంటే ఇలా జరిగేది కాదు."

వాస్తవం: ఈ మాట బయటివాళ్ళ కన్నా ముందు తల్లే అనుకుంటుంది. ఆ రోజు మెట్లెక్కాను, బకెట్ ఎత్తాను, ఎవరితోనో గొడవపడ్డాను అని వెతుక్కుంటూనే ఉంటుంది. ముందుగా నొప్పులు రావడానికి ఇన్ఫెక్షన్, కవలలు, గర్భాశయ ముఖద్వారం ముందే తెరుచుకోవడం లాంటివి కారణం కావచ్చు. బీపీ బాగా పెరిగినా, మాయ విడిపోయినా డాక్టర్లే ముందుగా కాన్పు చేయాల్సి వస్తుంది. ఎన్నో సందర్భాల్లో కారణం అంతుపట్టదు. మంచం దిగకుండా పడుకుంటే ముందస్తు కాన్పు ఆగుతుందన్న నమ్మకానికి కూడా ఆధారం లేదు.

1963 ఆగస్టులో అప్పటి అమెరికా అధ్యక్షుడు కెనడీకి ఐదున్నర వారాల ముందుగా కొడుకు పుట్టాడు. ఊపిరితిత్తులు పరిపక్వం కాక 39 గంటలకే చనిపోయాడు. ఆ జబ్బుకు ఇప్పుడు మేం రోజూ వాడే సర్ఫాక్టెంట్ మందు (ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులు ముడుచుకుపోకుండా చూసేది) పసిపిల్లల్లో పనిచేసిందని తెలిసింది 1980లో. ఎవరి అజాగ్రత్త వల్లో పోయిన బిడ్డ కాదు.

అపోహ: "వెంటిలేటర్ తీయమని సంతకం పెట్టాం, మా బిడ్డను మేమే చంపుకున్నాం."

వాస్తవం: ఈ మాట చాలాసార్లు ఏడాది గడిచాక, అదీ చాలా మెల్లగా బయటికొస్తుంది. మెదడులో తీవ్రంగా రక్తస్రావమైనప్పుడో, పేగులు దెబ్బతిన్నప్పుడో, ఊపిరితిత్తులు ఇక ఏ చికిత్సకూ లొంగనప్పుడో వైద్యులు ఆ మాట ఎత్తుతారు. అప్పటికి బతికించే దారులు మూసుకుపోయి ఉంటాయి. మిగిలిన కాస్త సమయం గొట్టాల మధ్య గడవాలా, అమ్మ ఒడిలో గడవాలా అన్నదే అప్పుడు తేల్చాల్సింది. వెంటిలేటర్ తీసినా నొప్పి తెలియకుండా మందులు ఇస్తూనే ఉంటాం. బిడ్డ ప్రాణం తీసింది జబ్బు.

మా వృత్తివాళ్ళ గురించి కూడా ఒక మాట. "మీరేం చేయమంటారో చెప్పండి" అని బరువంతా తల్లిదండ్రుల మీద పెట్టి కాగితం ముందుకు జరపడం సరైన పద్ధతి కాదని నా గట్టి అభిప్రాయం. "ఈ స్థితిలో ఇక ఆపడమే మంచిదని మేం అనుకుంటున్నాం, మీరు ఒప్పుకుంటారా" అని అడగాలి. రెంటికీ చాలా తేడా ఉంది. ఈ అనుమానం ఇంకా తొలుస్తుంటే కొన్ని వారాల తర్వాతైనా సరే, ఆ డాక్టర్‌ని కలిసి కేస్ షీట్ ముందు పెట్టుకుని ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమని అడగండి. అడిగే హక్కు మీకుంది.

అపోహ: "తల్లికి చూపించొద్దు, చూస్తే మర్చిపోలేదు."

వాస్తవం: చూడకపోయినా మర్చిపోదు. ఒకప్పుడు చాలా ఆసుపత్రుల్లో బిడ్డను వెంటనే తీసుకెళ్ళిపోయేవారు. ఇప్పుడు ఆ నిర్ణయం తల్లిదండ్రులకే వదిలేస్తున్నారు. ఎత్తుకోవచ్చు, ఫొటో తీసుకోవచ్చు, పాదముద్రలు తీయించుకోవచ్చు. వద్దనుకుంటే అదీ సరే, బలవంతం చేయకూడదు. కాకపోతే ఒక్కసారి అడిగి వదిలేయకుండా కాసేపాగి మళ్ళీ అడగాలి.

పాల విషయం ముందే చెప్పేవాళ్ళు తక్కువ. బిడ్డ లేకపోయినా కాన్పైన రెండు నాలుగు రోజులకు పాలు పడతాయి, నెలలు నిండకపోయినా సరే. రొమ్ములకు బిగించి గుడ్డ కట్టడం వల్ల మేలు లేదు, నొప్పీ వాపూ పెరగొచ్చు. ఒంటికి సరిపోయే బ్రా, చల్లటి కాపడం, బిగువు తగ్గేంత వరకే కాస్త పిండేయడం చాలు. ఎర్రబడి జ్వరమొస్తే డాక్టర్‌కి చూపించాలి. పాలు ఆపే మాత్రలు ఉన్నాయి గానీ బీపీ ఉన్నవాళ్ళకు కొన్ని పనికిరావు, సొంతంగా వేసుకోవద్దు. తల్లిపాలు సేకరించి అవసరమైన పసిపిల్లలకు అందించే పాల బ్యాంకుకు ఇచ్చి ఊరట పొందిన తల్లులూ ఉన్నారు.

కవలల్లో ఒకరు పోతే "ఒకరైనా మిగిలారు కదా" అంటారు. మిగిలిన బిడ్డ ఇంకా ఇంక్యుబేటర్‌లోనే ఉంటుంది. ఒక బిడ్డ కోసం ఏడుస్తూ ఇంకో బిడ్డ కోసం పాలు పిండుకునే తల్లికి ఆ మాట ఏం ఊరటనిస్తుంది?

తండ్రి ఏడవట్లేదంటే బాధ లేదని అనుకోవద్దు. బిల్లులు, కాగితాలు, ఫోన్లు అన్నీ ఆయన మీదే పడ్డాయి. "ఆవిడెలా ఉంది?" అని అందరూ ఆయన్నే అడుగుతారు, ఆయనెలా ఉన్నాడని అడిగేవాళ్ళుండరు.

అపోహ: "ఆర్నెల్లు దాటినా ఏడుస్తోందంటే మానసిక జబ్బే."

వాస్తవం: అవసరం లేదు. అసలు డెలివరీ కావాల్సిన తేదీ వచ్చినప్పుడు దుఃఖం మళ్ళీ మొదటి రోజంత పచ్చిగా ముంచుకొస్తుంది. బిడ్డ ఏడుపు వినిపించినట్టుండటం, చేతులు లాగేస్తున్నట్టుండటం కూడా చాలామంది తల్లులు చెప్పేవే, అది పిచ్చి కాదు. ఆరు నెలలు దాటాక కూడా రోజువారీ పనులేవీ చేయలేనంతగా అదే తీవ్రతతో కొనసాగితే మానసిక వైద్యుల సాయం తీసుకోవాలి. చనిపోవాలన్న ఆలోచనలు వచ్చినా, రోజుల తరబడి అసలు నిద్రే లేకపోయినా, లేనివి ఉన్నాయని గట్టిగా నమ్ముతున్నా ఒక్క రోజు కూడా ఆగకండి.

చివరగా "మళ్ళీ కడుపు పండితే అన్నీ మర్చిపోతావు" అన్నది. మర్చిపోవడం సంగతి అటుంచితే, తర్వాతి కాన్పంతా టెన్షన్‌తోనే గడుస్తుంది. ఒకసారి ముందుగా పుడితే మళ్ళీ అలా జరిగే ముప్పు కొంత ఎక్కువ. ఆరు నెలల లోపే మళ్ళీ గర్భం వస్తే ఇంకాస్త పెరుగుతుంది. కనుక ఎప్పుడు ప్రయత్నించాలో డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. మొదటి చెకప్‌కే పాత డిశ్చార్జ్ కాగితాలు తీసుకెళ్ళి, ఎన్ని వారాలకు, ఎలా మొదలైందో చెప్పండి. 16 నుంచి 24 వారాల మధ్య గర్భాశయ ముఖద్వారం పొడవు కొలిచే స్కాన్ అవసరమా, ప్రొజెస్టెరాన్ (గర్భం నిలవడానికి తోడ్పడే హార్మోన్) గానీ ముఖద్వారానికి వేసే కుట్టు గానీ పనికొస్తాయా అని అడగండి. పోయిన బిడ్డ సంగతి ఫైలు మొదటి పేజీలోనే రాయించండి. లేకపోతే వెళ్ళిన ప్రతిసారీ కొత్త నర్సు ఎవరో "ఇది మొదటి కాన్పా?" అని అడుగుతుంది.