కేటీపీలో మతం గడి: ఇండోనేషియాలో తెగని పంచాయితీ

ఇండోనేషియాలో పదిహేడేళ్ళు నిండినవాళ్ళకి కేటీపీ అని ఒక గుర్తింపు కార్డు ఇస్తారు. మన ఆధార్ లాంటిదే అనుకోవచ్చు. కాకపోతే బ్లడ్ గ్రూపు, పెళ్ళయిందా లేదా అన్నవాటితో పాటు అందులో మతం అనే గడి కూడా ఉంటుంది. రాయడానికి ఆరు పేర్లే ఉండేవి: ఇస్లాం, ప్రొటెస్టెంట్, కేథలిక్, హిందూ, బౌద్ధం, కన్‌ఫ్యూషియస్ మతం. ప్రొటెస్టెంట్లు, కేథలిక్కులు అక్కడి లెక్కలో వేర్వేరు మతాలవాళ్ళు. ఈ ఆరింటిలో ఎందులోనూ లేనివాళ్ళ గడి ఖాళీగా ఉంచాలని 2006 నాటి జనాభా నమోదు చట్టం చెప్పింది. అది రాజ్యాంగ విరుద్ధమని రాజ్యాంగ న్యాయస్థానం తేల్చేసరికి 2017 నవంబరు 7 అయింది.

గడి ఖాళీగా ఉంటే ఏం పోయింది అనిపించొచ్చు. కోర్టుకెక్కినవాళ్ళు చెప్పిన సంగతులు వింటే అలా అనిపించదు. సుంబా దీవిలో మరపు అనే పూర్వీకుల ఆరాధన ఉంది. వాళ్ళు కుల పెద్దల ముందు ఆచారం ప్రకారం పెళ్ళి చేసుకుంటే రిజిస్టర్ కాలేదు. పెళ్ళి కాగితం లేదు కాబట్టి పిల్లల బర్త్ సర్టిఫికెట్‌కీ తిప్పలే. సుమత్రాలో బతక్ జాతి పాత ధర్మాన్ని పాటించేవాళ్ళకి ఖాళీ గడి చూసి ఉద్యోగాలు ఇవ్వలేదు, బ్యాంకు అప్పు పుట్టలేదు. జావాలోని బ్రెబెస్ ప్రాంతంలో సప్త ధర్మ అనే సాధన మార్గంవాళ్ళకి ఊరి శ్మశానంలో చోటు దక్కలేదు. ఈ బాధ పడలేక చాలామంది నోటికొచ్చిన మతం పేరు ఒకటి చెప్పి కార్డు తీసుకున్నారు. పేరుకి మాత్రమే ముస్లిం అయిన మనిషిని అక్కడ ‘ఇస్లాం కేటీపీ’ అని ఎగతాళి చేస్తుంటారు.

ఈ గొడవకి మొదలు 1945లో ఉంది. స్వాతంత్ర్యం వస్తే దేశం ఏ పునాది మీద నిలబడాలి అన్న చర్చలో తర్వాత మొదటి అధ్యక్షుడైన సుకర్ణో జూన్ 1న పంచశీల, అంటే ఐదు మూలసూత్రాలు, ప్రతిపాదించాడు. జూన్ 22న రాజ్యాంగ పీఠిక ముసాయిదాగా తయారైన జకార్తా పత్రంలో, ముస్లింలు షరియా పాటించాలన్న మాటలు చేరాయి. ఇండోనేషియా భాషలో ఏడే ఏడు పదాలు. స్వాతంత్ర్యం ప్రకటించిన మర్నాడు, ఆగస్టు 18న, వాటిని తీసేశారు. అవి ఉంటే తూర్పు దీవుల క్రైస్తవులు విడిపోతారని సుకర్ణో సహచర నాయకుడు హట్టా భయపడ్డాడు. వాటి బదులు ‘ఏకైక పరమేశ్వరునిపై విశ్వాసం’ అన్నది మొదటి సూత్రంగా మిగిలింది. ఇస్లాం రాజ్యమూ కాదు, సెక్యులర్ రాజ్యమూ కాదు. రెండు పక్షాలవాళ్ళకీ సగం సగం నచ్చిన రాజీ అది. అసలు చిక్కంతా ‘ఏకైక’ అన్న దగ్గరే వచ్చింది.

భాష దగ్గర ఇదే దేశం ఎంత తెలివిగా నడుచుకుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1928 యువజన ప్రతిజ్ఞలో జావా భాషని కాదని, రేవుల్లో వ్యాపారులు వాడే మలయ్‌ని ఉమ్మడి భాషగా ఎంచుకున్నారు. ఎక్కువమంది మాట్లాడేది జావా భాషే. అయినా జావావాళ్ళు పట్టుబట్టలేదు, ఎవరి ఇంటి భాష వాళ్ళకి ఉండిపోయింది. మతానికి వచ్చేసరికి ఆ పట్టువిడుపు కనిపించదు.

1946 జనవరి 3న మత వ్యవహారాల శాఖ పుట్టింది. షరియా మాట పోయిందన్న అసంతృప్తిని చల్లార్చడం కూడా దాని పనుల్లో ఒకటని చెప్పుకోవాలి. 1950ల మొదట్లో ఆ శాఖ మతానికి కొలత పెట్టింది: ప్రవక్త ఉండాలి, గ్రంథం ఉండాలి, దేవుడు ఒక్కడే అయి ఉండాలి. అది చట్టం కాలేదు గానీ ఆఫీసుల్లో చెల్లుబాటు అయింది. ఆ కొలతకి తూగితే అగమ, అంటే మతం. లేకపోతే అదత్, అంటే ఆచారం. ఇంకా మతం అందని జనం కింద లెక్క.

ఈ దెబ్బ మొదట తగిలింది బాలి హిందువులకి. ఊరి దేవతలు, పితృదేవతలు, కొండ, సముద్రం, రోజూ గుమ్మాల ముందు పెట్టే ఆకుదొన్నెల నైవేద్యాలు, ఒక్కో ఊరికి ఒక్కో పద్ధతి. ఇందులో ఏకేశ్వరుడు ఎక్కడ అని అడిగింది శాఖ. బాలి పెద్దలు ఏళ్ళ తరబడి వాదించారు. కొందరు యువకులు చదువుకి భారతదేశం వచ్చారు. శాంతినికేతన్‌లో చదివిన ఇదా బాగుస్ మంత్ర తర్వాత బాలి గవర్నర్ కూడా అయ్యాడు. చివరికి సాంగ్ హ్యాంగ్ విధి వాసా అన్న పేరుతో ఏకేశ్వరుణ్ణి ముందుకి తెచ్చారు. వేదాలని గ్రంథంగా చూపించారు. గాయత్రితో మొదలయ్యే త్రిసంధ్య ప్రార్థన అందరికీ ఒకటే అయింది. 1958లో సుకర్ణోకి విన్నపం పెట్టాక మత శాఖలో బాలి హిందూ విభాగం ఏర్పడింది. మరుసటి ఏడు బాలి హిందువుల తరఫున పరిషద అనే సంస్థ వచ్చింది. బాలి టూర్‌కి వెళ్ళిన మనవాళ్ళు డెన్‌పసార్‌లో జగత్‌నాథ ఆలయం చూసి, పద్మాసనం ఉంది, మీద విగ్రహం ఏది అని అడుగుతుంటారు. ఆ ఖాళీ పీఠం విధి వాసాది. అలాంటి పీఠాలు పాతవే. దేవుళ్ళందరినీ దాటి ఆయన అంత ముందుకి రావడం మాత్రం గుర్తింపు పోరాటంలో జరిగింది. ఇది మోసం అని నేననను. బతకడానికి మతాలు ఇలాంటివి ఎప్పుడూ చేస్తూనే ఉన్నాయి. బౌద్ధులు కూడా ఇదే దారిలో ఆది బుద్ధుణ్ణి పరమేశ్వరుడి స్థానంలో చూపించారు.

1965 జనవరిలో సుకర్ణో మత దూషణ ఉత్తర్వు తెచ్చాడు. ఆరు మతాల పేర్లు అందులోనే ఉన్నాయి. ఆ ఏడాది చివర్లో కమ్యూనిస్టుల ఊచకోత మొదలయ్యాక పరిస్థితి మరీ ఘోరమైంది. మతం లేదంటే నాస్తికుడు, నాస్తికుడంటే కమ్యూనిస్టు. ప్రాణభయంతో వేలమంది ఏదో ఒక మతంలో చేరిపోయారు. జావాలో కొందరు చర్చికి వెళ్ళారు, కొందరు హిందువులం అన్నారు. 1969లో సులవేసి దీవిలోని తొరాజా జాతివాళ్ళ పాత ధర్మాన్ని, 1980లో కలిమంతాన్‌లోని (బోర్నియో దీవిలో ఇండోనేషియా భాగం) దయాక్ జాతులవాళ్ళ పాత ధర్మం కహరింగాన్‌ని హిందూ గొడుగు కిందికి తెచ్చారు. చనిపోయినవాళ్ళ ఎముకలు తవ్వి తీసి, రోజుల తరబడి తివా అనే క్రతువు జరిపి, సందుంగ్ అనే చిన్న చెక్క ఇంట్లో పెట్టే ఆచారం కహరింగాన్‌ది. బాలివాళ్ళకి గానీ మనకి గానీ అది తెలిసిన పద్ధతి కాదు. కార్డు మీద మాత్రం హిందూ.

చైనీయులది ఇంకో రకం కథ. 1965 జాబితాలో ఉన్న కన్‌ఫ్యూషియస్ మతాన్ని, సుకర్ణో తర్వాత అధ్యక్షుడైన సుహార్తో పక్కన పెట్టేశాడు. 1967 ఆదేశంతో చైనా పండుగలు నలుగురిలో జరుపుకోకుండా ఆపాడు. 2000లో అధ్యక్షుడు అబ్దుర్రహ్మాన్ వాహిద్ దాన్ని రద్దు చేశాడు. ఆయన మత పండితుల ఇంట పుట్టినవాడు, నహ్దతుల్ ఉలమా అనే పెద్ద ముస్లిం సంస్థని నడిపినవాడు. 2006లో ఆ మతానికి మళ్ళీ గుర్తింపు వచ్చింది.

ఇక మిగిలింది ‘కెపెర్చయాన్’, అంటే మరపు, సప్త ధర్మ లాంటి విశ్వాసాలవాళ్ళు. వీళ్ళది మతం కాదు, సంస్కృతి అని 1978లో తేల్చి విద్యా సంస్కృతి శాఖకి అప్పగించారు. 1974 పెళ్ళి చట్టం ప్రకారం ఎవరి మతం ప్రకారం వాళ్ళు చేసుకున్నదే పెళ్ళి. మతం కానివాళ్ళ పెళ్ళి మరి ఏమవుతుంది? 2007లో కొంత వెసులుబాటు ఇచ్చారు గానీ, నమోదైన సంస్థ పెద్ద ముందు చేసుకుంటేనే చెల్లుతుంది. సుంబాలో మరపు పాటించే పల్లెకి సంస్థ ఎక్కడుంటుంది, రిజిస్ట్రేషన్ ఎక్కడుంటుంది?

2017 తీర్పుతో గడిలో ‘విశ్వాసం’ అని రాసే హక్కు వచ్చింది. ఇస్లాం పండితుల సంస్థ ఇండోనేషియా ఉలమా మండలి దాన్ని వ్యతిరేకించింది. కార్డులో మరపు అనో సప్త ధర్మ అనో పేరు మాత్రం ఉండదు. అందరికీ కలిపి ఏకైక పరమేశ్వరునిపై విశ్వాసం అన్న ఒకే మాట రాస్తారు. అసలు మతమే లేదని చెప్పే హక్కు కావాలని తర్వాత ఇంకో పిటిషన్ పడింది. 2025 జనవరిలో కోర్టు దాన్ని కొట్టేసింది: పంచశీల దేశంలో మతమో విశ్వాసమో ఏదో ఒకటి ఉండి తీరాలి.