షేవియన్‌కీ షేవింగ్‌కీ చుట్టరికం లేదు

డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. నాటక రచయిత బెర్నార్డ్ షా పాఠం వచ్చినప్పుడల్లా 'షేవియన్' దగ్గర బండి ఆగిపోతుంది. షా మార్కు రాతకు, ఆయన వెటకారానికి వాడే విశేషణం అది. పుస్తకంలో ఆ పొడుగాటి గడ్డం బొమ్మ చూస్తూనే, ఒకబ్బాయి నోట్సులో 'క్షవర సంబంధమైన' అని రాసుకున్నాడు!

అపోహ: 'వ' ఎక్కణ్నుంచో ఊడిపడింది.

వాస్తవం: తప్పు మన లిపిది. తెలుగులో 'షా' అని రాసేసరికి ఇంగ్లీషు స్పెల్లింగు చివరనున్న డబ్ల్యూ మాయమవుతుంది. అందుకే బోర్డు మీద ఎస్, హెచ్, ఏ, డబ్ల్యూ విడివిడిగా రాసి, డబ్ల్యూ చెరిపి అక్కడ వి పెడతాను. లాటిన్‌లో డబ్ల్యూ లేదు. పేరుకు లాటిన్ వేషం కడితే 'షేవియస్', దాన్నుంచి షేవియన్. మార్లో నాటకాలు మార్లోవియన్ అయ్యాయి, హారో స్కూల్లో చదివినవాడు హరోవియన్ అయ్యాడు. అన్నిటిదీ ఒకటే దారి.

సంస్కృతం తీసుకున్న పిల్లలు మాత్రం "రఘు, రాఘవ లాగానా సార్?" అంటారు. ఆ ప్రశ్న నాకు భలే ఇష్టం. గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది కానీ కారణం వేరు. అక్కడ ఉకారానికి గుణం వచ్చి 'అవ్' అవుతుంది, విష్ణు వైష్ణవ అయినట్టు. ఇక్కడ జరిగింది అక్షరం మార్పిడి.

అపోహ: షా అంటే గుజరాతీ ఆయన.

వాస్తవం: డబ్లిన్‌లో పుట్టారు. ఆ ఇంటిపేరుకు పాత ఇంగ్లీషులో చిన్న తోపు అని అర్థం. మన తోట వారనుకోండి.

అపోహ: షేవియన్ లిపిని షా తయారుచేశారు.

వాస్తవం: ఆయన 1950లో పోయారు. ఇంగ్లీషుకు కనీసం 40 అక్షరాల కొత్త లిపి కావాలని వీలునామా రాశారు. ఆయన పోయాక ఆ లిపి కోసం పోటీ జరిగింది. చివరికి ఖాయమైన రూపం కింగ్స్‌లీ రీడ్‌ది. 1962లో షా నాటకం 'ఆండ్రోక్లీస్ అండ్ ద లయన్' ఆ లిపిలోనూ మామూలు లిపిలోనూ కలిపి అచ్చయింది.

స్పెల్లింగుల మీద ఆయనకున్న కోపం వల్ల ఇంకొకటి కూడా ఆయన ఖాతాలో పడింది. 'ఎనఫ్'లోని జీ-హెచ్, 'విమెన్'లోని ఓ, 'నేషన్'లోని టీ-ఐ కలిపితే 'ఫిష్' అవుతుందనే చమత్కారం. అచ్చమైన షేవియన్ జోకు అంటారు. అది 1855 నాటి ఒక ఉత్తరంలోనే ఉంది. షా పుట్టింది 1856లో.