బడికి ముందు పిల్లలకు ఏం రావాలి? ఒక అంగన్‌వాడీ టీచరుగా నేను వినే అపోహలు

వసంత పంచమి వెళ్లిందంటే మా కేంద్రానికి వచ్చే అమ్మానాన్నల ప్రశ్నలు మారిపోతాయి. అప్పటిదాకా "అన్నం తిన్నాడా టీచరమ్మా?" అని అడిగినవాళ్లే "అఆలు ఎంతవరకు వచ్చాయి?" అంటారు. జూన్‌లో బడిలో వేయాలన్న టెన్షన్ అది. ఇన్నేళ్లలో పదే పదే విన్న మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మూడేళ్లకే రాయిస్తే అందరికంటే ముందుంటాడు

ఎక్కువ చెరుపు జరిగేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ల పిల్లలకు వాటిలో చాలావరకు ఇంకా గట్టిపడవు. వేళ్లకూ పట్టు ఉండదు కాబట్టి పెన్సిల్‌ని పిడికిలితో పట్టుకుంటారు. ఆ చేత్తో పేజీ నింపమంటే చెయ్యి నొప్పెడుతుంది, తర్వాత పుస్తకం చూస్తేనే మొహం తిప్పుకుంటారు. పైగా మన తెలుగు అక్షరాలన్నీ సున్నాలు, మెలికలు. 'అ' రాయడానికి చెయ్యి ఎన్ని మలుపులు తిరుగుతుందో ఒకసారి మీరే నెమ్మదిగా రాసి చూడండి.

అందుకే మేం ముందు పిండి పిసికిస్తాం, పూసలు గుచ్చిస్తాం, చిక్కుడుకాయలకు ఈనెలు తీయిస్తాం, పాత పేపర్లు చింపిస్తాం. ఆ తర్వాత ఇసుకలో వేలితో నిలువు గీత, అడ్డగీత, సున్నా. చూసేవాళ్లకు ఇదంతా కాలక్షేపంలా ఉంటుంది. అక్షరాభ్యాసం రోజు పళ్లెంలో బియ్యం పోసి వేలితోనే కదా దిద్దిస్తాం! మర్నాడే పెన్సిల్ ఎందుకు చేతికిస్తామో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అపోహ: వంద దాకా గడగడా చెప్తుంది, లెక్కలు వచ్చేసినట్టే

మా దగ్గర ఒక పాప అలాగే చెప్పేది. గిన్నెలో చింతపిక్కలు పోసి "నాకు నాలుగివ్వమ్మా" అంటే గుప్పెడు తీసి ఇచ్చింది. అంకెలు పాటలా నోటికి రావడం ఒకటి. ఒక్కో పిక్కను ముట్టుకుంటూ ఒక్కో అంకె చెప్పడం ఇంకొకటి. చివర చెప్పిన అంకే మొత్తం అని తెలియడం వీటన్నిటికంటే కష్టం. ఐదు పిక్కలు లెక్కపెట్టించి "మొత్తం ఎన్ని?" అని అడగండి. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే ఆ సంగతి ఇంకా తెలియలేదన్నమాట. ఆ పాపకు మేం భోజనాల దగ్గర పళ్లేలు పెట్టే పని ఇచ్చాం, మనిషికొకటి చొప్పున. మొదట్లో ఎప్పుడూ ఒకటో రెండో ఎక్కువ తెచ్చేది. పోనుపోను ముందే తలలు లెక్కపెట్టుకుని వెళ్లడం మొదలుపెట్టింది.

అపోహ: ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడాలి

ఇంగ్లీషు అలవాటు లేని తల్లి "కమ్, సిట్, ఈట్" దగ్గరే ఆగిపోతుంది. అదే తల్లి తెలుగులో సంతకెళ్లొచ్చిన ముచ్చట చెబితే బేరం, వాన, తప్పిపోయిన మేకపిల్ల అన్నీ అందులో ఉంటాయి. పిల్లవాడు మధ్యలో పది ప్రశ్నలు వేస్తాడు. ఇక 'పలక' అన్న మాటను ప-ల-క అని చప్పట్లతో విడగొట్టడం, పాము, పాలు, పావురం మొదట్లో ఒకేలా వినిపిస్తాయని గుర్తుపట్టడం వంటివి చెవికి సంబంధించిన పని. తెలుగులో చెవి అలా పదునెక్కితే రేపు ఇంగ్లీషు చదవడానికీ పనికొస్తుంది.

అపోహ: అంగన్‌వాడీ అంటే గుడ్డు, అన్నమే

1975 అక్టోబర్ 2న అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) మొదలైనప్పటి నుంచీ దాని ఆరు సేవల్లో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి. రిజిస్టర్ల పని మీదపడిన రోజు ఆటపాటలు తగ్గుతాయి, ఆ మాట దాచను. కానీ పిల్లల్ని సరిగ్గా భోజనం వేళకు తెచ్చి, తినగానే తీసుకెళ్లిపోతే నేర్పడానికి మాకు ఏ సమయం మిగులుతుంది?

అపోహ: ఐదేళ్లకే ఒకటో తరగతిలో వేయకపోతే ఏడాది వృథా

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు అంతా ఒకే పునాది దశ అంటుంది. అందులో ఒకటో తరగతి వచ్చేది ఆరేళ్లకు. కేంద్రీయ విద్యాలయాలు 2022-23 నుంచి ఆరేళ్లు నిండితేనే ఒకటో తరగతిలో చేర్చుకుంటున్నాయి. ఐదేళ్లవాడికి ఒక ఏడాదంటే వాడి వయసులో ఐదో వంతు, తేడా బాగానే కనిపిస్తుంది.

అపోహ: ఒకటో తరగతికి ఇంటర్వ్యూ ఉంటుంది, దానికి కోచింగ్ ఇప్పించాలి

విద్యా హక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ అలాంటి వడపోత పెట్టకూడదు. పెడితే మొదటిసారి రూ.25 వేల వరకు, ఆపైన ప్రతిసారీ రూ.50 వేల వరకు జరిమానా.

అపోహ: ఏడుస్తుంటే వాడు చూడకుండా జారుకోవాలి

వద్దు. తిరిగి చూసేసరికి మీరు కనిపించకపోతే రేపు గుమ్మం దగ్గర నుంచే చీర కొంగు వదలడు. చెప్పే వెళ్లండి. "పన్నెండింటికి వస్తా" అంటే నాలుగేళ్లవాడికి అర్థం కాదు, "నువ్వు అన్నం తిన్నాక వస్తా" అనండి, అన్నట్టే రండి. ఇంకోటి, బడికని కొన్న టిఫిన్ బాక్స్, నీళ్ల సీసా వారం ముందే ఇంట్లో వాడి చేతికిచ్చి చూడండి. మూత తీసుకోలేకపోతే వేరేది కొనండి.