ఫెయిరీ ష్రింప్ గుడ్లు చావలేదు, ఎండలేదంతే

నెలలో నాలుగైదు ఫోన్లు ఇవే. "అన్నా, టబ్బులో రొయ్యలు బాగా పెరిగి గుడ్లు పెట్టాయి, చచ్చిపోయాయి. మూడు వారాలైంది, ఒక్క పిల్లా లేదు. గుడ్లు మురిగిపోయినట్టేనా?" ఇలా అడిగినవాళ్లలో సగంమంది అప్పటికే టబ్బు కడిగేసి ఉంటారు. ఒక బ్యాచ్ సిస్టులు, అంటే గట్టి పెంకున్న గుడ్లు, మొత్తం కాలువపాలు.

తమ్ముళ్లూ, ఫెయిరీ ష్రింప్ అంటే చేపలకు మేతగా పెంచే చిన్న రొయ్యలాంటి ప్రాణి, ఇది వానగుంటల్లో పుట్టే జీవి. ఏటా గుంట ఎండుతుంది, మళ్లీ నిండుతుంది. గుడ్డు దానికి తగ్గట్టే తయారైంది. తడిలో ఉన్నంతకాలం చాలావరకు పగలదు. నీళ్లు వంపేసి, అడుగున ఉన్న మట్టిని పలచగా పరిచి, నీడలో బాగా ఆరబెట్టండి. చేత్తో నలిపితే పొడిపొడిగా రాలాలి. కొన్ని వారాలు డబ్బాలో దాచి, తర్వాత వాన నీళ్లో ఆర్ఓ నీళ్లో పోసి వెలుతురులో పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో నాప్లీలు (అప్పుడే పుట్టిన పిల్లలు) కనిపిస్తాయి. అన్నీ ఒకేసారి పగలవు, టెన్షన్ పడొద్దు. ఆ మట్టినే మళ్లీ ఆరబెట్టి తడిపితే ఇంకొన్ని వస్తాయి.

నేనేదో పుట్టుకతోనే తెలిసినవాడిలా చెబుతున్నాను గానీ, మొదటి ఏడాది నేనూ ఆ మట్టిని తీసుకెళ్లి పెరట్లో నిమ్మచెట్టు పక్కన పోశాను. ఎండాకాలమంతా అక్కడే పడి ఉంది. జూన్‌లో రెండు వానలు పడ్డాక మా అమ్మ పిలిచి, "ఒరేయ్, ఈ గుంటలో ఏవో వెల్లకిలా ఈదుతున్నాయి చూడు" అంది.

రెండో తప్పు ఉప్పు. ఆర్టీమియా (ఉప్పునీళ్లలో పెరిగే దీని చుట్టం, అదీ మేతే) అలవాటున్నవాళ్లు చేయి ఊరుకోక కల్లుప్పు వేస్తారు. వేయకండి, ఇది మంచినీటి ప్రాణి. సముద్రపు నీళ్లలో వనామీ రొయ్య పిల్లలను పుట్టించే హేచరీవాళ్లు మేతకని అడిగినా నేను వద్దనే చెబుతాను. సముద్రపు నీళ్లలో వేస్తే ఇవి చచ్చి నీళ్లు పాడవుతాయి, వాళ్లకు ఆర్టీమియానే దిక్కు. రంగు చేపలకు, మంచినీళ్ల నీలకంఠ రొయ్య పోస్ట్ లార్వాలకు (చిన్న పిల్లలకు) మాత్రం ఇవి బాగా పనికొస్తాయి. మంచినీళ్లలో ఆర్టీమియాలా గంటల్లో చావవు కదా.

థాయ్‌లాండ్ సీడ్ (సిస్టులు) అయితేనే పెరుగుతుందని ఎవరో పుట్టించారు. ఖోన్‌కేన్ విశ్వవిద్యాలయం వాళ్లు వీటిమీద ఏళ్లుగా పనిచేస్తున్న మాట నిజమే. కానీ స్ట్రెప్టోసెఫాలస్ డైకోటోమస్ అనే ఫెయిరీ ష్రింప్ జాతి మన దక్షిణాది వానగుంటల్లోదే. గుంటలో పట్టినవాటిని నేరుగా చేపల ట్యాంకులో వేయకండి, పురుగూ పుట్రా వెంట వస్తాయి. సిస్టుల నుంచి పొదిగించుకోండి.